ఇటలీ కారుతో ఆరేళ్ల కాపురం

సంపాదకులు గారికి,

అయ్యా,

గత ఆదివారం మీ అనుబంధంలో ఖరీదైన విదేశీ కార్ల గురించి వచ్చిన వ్యాసంలో ఇటలీవారి ఆల్ఫా రోమియో జూలియా క్వాద్రిఫోలియోకు అర పేజీ కేటాయించారు. దాని ఇంజను శక్తి 510 హార్స్‌పవర్ అనీ, నిలబడిన చోటి నుంచి 100 కిలోమీటర్ల వేగాన్ని 3.9 సెకన్లలో అందుకుంటుందనీ, గరిష్ఠ వేగం గంటకు 307 కిలోమీటర్లనీ రాశారు. అంకెలన్నీ సరైనవే. కానీ ఆ కారు టైర్లు ఎన్నాళ్లు వస్తాయో, బ్రేకులను ఎట్లా చూసుకోవాలో, ఎండాకాలంలో దానితో ఎట్లా వేగాలో చెప్పే వాక్యం ఒక్కటి కూడా వ్యాసంలో కనబడలేదు. 2017 వేసవి నుంచి 2023 వేసవి దాకా కువైట్‌లో ఒక ఇంటి డ్రైవరుగా సరిగ్గా ఆ కారునే చూసుకున్నవాడిని కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను. కారు మా సేటు పెద్దకొడుకు పేరు మీద ఉండేది. దానితో కాపురం మాత్రం నేను చేశాను.

కడప జిల్లా నుంచి కువైట్‌కు పోయేవాళ్ల సంగతి మీ పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. నేను 2009లో ఖాదిం వీసా, అంటే ఇంటి పనివాళ్లకిచ్చే వీసా మీద పోయాను. అంతకు ముందు నేను స్టీరింగు పట్టింది ప్రీమియర్ పద్మినిలో. అదీ ఒక విధంగా ఇటలీ కారే. ఫియట్ 1100ను బొంబాయిలో తయారుచేసి ఆ పేరుతో అమ్మేవారు. 1089 సీసీ ఇంజను, సుమారు 40 హార్స్‌పవర్, స్టీరింగు కిందనే గేరు. ఐదుగురిని ఎక్కించుకుని రాయచోటి బాడుగకు పోతే, గువ్వలచెరువు ఘాట్ మధ్యలో ఆపి రేడియేటరులో నీళ్లు పోసి, అది చల్లారేలోపు అందరం తలా కాస్త పాలకోవా తినేవాళ్లం. 40 నుంచి 510కి నా ప్రయాణం ఇట్లా సాగింది కనుక, నాకు ఆ రెండవ అంకె గురించి మొదట్లో భయమే తప్ప మోజు లేదు.

బండి ఇంటికి వచ్చిన రోజున ముందు తలుపు పక్కన అంటించిన గుర్తు చూసి ఇదేమిటని అడిగాను. తెల్లని త్రికోణంలో నాలుగు రేకుల ఆకుపచ్చ గడ్డి ఆకు. ఇటాలియన్లో క్వాద్రిఫోలియో అంటే ఆ నాలుగాకులే. 1923లో సిసిలీ దీవిలో జరిగిన టార్గా ఫ్లోరియో పందెంలో ఉగో సివోచ్చి అనే డ్రైవరు అదృష్టం కోసమని ఆ ఆకును తెల్లని చతురస్రంలో తన కారు మీద వేయించుకున్నాడు, గెలిచాడు. అదే ఏడాది సెప్టెంబరులో మోన్జాలో కొత్త కారును పరీక్షిస్తూ ప్రమాదంలో చనిపోయాడు. ఆ కారు మీద ఆకు బొమ్మ లేదు. ఆ తర్వాత కంపెనీవారు ఆ ఆకును చతురస్రంలో కాక త్రికోణంలో వేయడం మొదలుపెట్టారని చెబుతారు. లారీ ముందు నిమ్మకాయ, మిరపకాయలు కట్టకుండా తాళం తిప్పని ఊరివాడిని నేను. ఆ కథ విన్న తర్వాత ఆ కారు నాకు పరాయిదిగా అనిపించలేదు.

ఇక కారు విషయానికి వస్తాను. చూడడానికి అది నాలుగు తలుపుల మామూలు సెడాన్. వెనక సీట్లో ముగ్గురు కూర్చోవచ్చు, డిక్కీలో పెద్ద సూట్‌కేసులు రెండు పడతాయి. లోపల మాత్రం గాలిని ఒత్తి లోపలికి పంపే టర్బోలు రెండు అమర్చిన 2.9 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను ఉంది. బానెట్టు, పైకప్పు, ఇంజను నుంచి వెనక చక్రాలకు పోయే ప్రొపెల్లర్ షాఫ్టు కార్బన్ ఫైబరుతో చేసినవి. బరువు ముందు సగం, వెనక సగం పడేటట్లు కూర్చారు. ఇంత శక్తినీ మోసేది వెనక రెండు టైర్లే. ఒక్కొక్కటి 285 మిల్లీమీటర్ల వెడల్పు, ముందువి 245. కారు పందేల్లో వాడేదానికి దగ్గరి రకం రబ్బరు, మెత్తనిది. కనుకనే రోడ్డును పట్టుకుంటుంది, కనుకనే అరిగిపోతుంది. మా చేతిలో వెనక టైర్లు 12 వేల కిలోమీటర్లు దాటి రాలేదు. నాలుగూ ఒకసారి మారిస్తే అయ్యే ఖర్చు నా నాలుగు నెలల జీతం కన్నా ఎక్కువ. ఏనుగును కొని అంకుశానికి బేరమాడినట్లు ఒకసారి సేటు కొడుకు చవకరకం టైర్లు వేయించబోతే, సేటే అడ్డుపడి వద్దన్నాడు. ఈ కారుకు స్టెప్నీ కూడా లేదు. పంక్చరయితే లోపలికి పంపు చేసే జిగురు మందు సీసా, చిన్న గాలి పంపు మాత్రమే ఇస్తారు. టైరు పక్కగోడ చీలిందంటే ఆ మందు పనికిరాదు, బండిని మోసుకుపోయే లారీని పిలవవలసిందే.

అక్కడి ఎండ సంగతి మన కడపవాళ్లకు సులభంగానే అర్థమవుతుంది కానీ, అది మన ఎండకు పెద్దన్న. నేను అక్కడ ఉండగానే 2016 జూలై 21న మిత్రిబా అనే చోట 53.9 డిగ్రీలు నమోదయ్యింది. అంత ఎండలో మధ్యాహ్నం టైర్లలో గాలి చూసుకుంటే లెక్క తప్పుతుంది, ఎందుకంటే వేడి 10 డిగ్రీలు పెరిగితే టైరులో ఒత్తిడి ఒకటిన్నర నుంచి రెండు పీఎస్ఐ దాకా పెరుగుతుంది. అందువల్ల నేను తెల్లవారుజాము నమాజు పిలుపు వినబడగానే, బండి ఇంకా కదలకముందే, మోకాళ్ల మీద కూర్చుని నాలుగు టైర్లకూ గేజి పెట్టేవాడిని. ఆ పూట రోడ్డు కూడా కొంచెం చల్లగా ఉండేది. తర్వాత ఇంజను స్టార్టు చేసి, ఆయిలు వేడెక్కేదాకా యాక్సిలరేటరు మీద కాలు బరువు పడకుండా నడపాలి. వేగంగా తిరిగి వచ్చిన తర్వాత కూడా గబుక్కున ఆపకూడదు. చివరి రెండు మూడు కిలోమీటర్లు నిదానంగా వచ్చి టర్బోలను చల్లారనివ్వాలి. దుమ్ము తుపానును అక్కడివారు తోజు అంటారు. అది వచ్చిన మరునాడు ఎయిర్ ఫిల్టరు విప్పి చూడకపోతే నాకు నిద్ర పట్టేది కాదు.

ఇంతటి బండికి కూడా ఆ దేశపు పెద్ద రోడ్ల మీద అనుమతించే వేగం గంటకు 120 కిలోమీటర్లే, అడుగడుగునా కెమెరాలు. 307 అన్నది నేను కాగితం మీద తప్ప మీటరు మీద చూడలేదు. జర్మనీలో నూర్బర్గ్‌రింగ్ అనే 20 కిలోమీటర్లకు పైబడిన మలుపుల ట్రాకును 2016లో ఇదే రకం కారు 7 నిమిషాల 32 సెకన్లలో చుట్టివచ్చింది. నాలుగు తలుపుల కారుకు అది అప్పట్లో చాలా గొప్ప సంగతి. కానీ అక్కడ నడిపినవాడు ఎంతో అనుభవం ఉన్నవాడు, ఎదురుగా లారీ రాదు, గొర్రెల మంద అడ్డం పడదు. ఇటలీలో కరబినియేరి పోలీసులు 2016లో ఈ కార్లు రెండు తీసుకున్నారు. ఆపరేషన్లకు కావలసిన అవయవాలను, రక్తాన్ని ఒక ఊరి నుంచి మరొక ఊరికి త్వరగా చేర్చడానికి వాటిని వాడారు. ఈ వేగం ఎందుకయ్యా అని ఎవరైనా నన్ను అడిగితే నేను చెప్పే జవాబు అదొక్కటే.

గేరు పక్కన ఒక గుండ్రని తిప్పుడు బిళ్ల ఉంటుంది. అందులో నాలుగు స్థితులు: పొదుపుగా నడవడానికి ఒకటి, రోజువారీకి ఒకటి, చురుకుగా నడపడానికి ఒకటి, నాలుగవది రేసు. పొదుపులో పెడితే అవసరం లేనప్పుడు ఆరు సిలిండర్లలో మూడు పని మానేస్తాయి. రేసులో పెడితే, జారే బండిని సర్దే ఎలక్ట్రానిక్ సహాయం పూర్తిగా ఆగిపోతుంది. ఈ ఒక్క విషయం వ్యాసంలో రాసి ఉండవలసింది.

2018 నవంబరులో కువైట్‌లో కనీవినీ ఎరగని వాన కురిసి రోడ్లు చెరువులయ్యాయి. ఆ వానల కారణంగానే ప్రజాపనుల మంత్రి రాజీనామా చేశాడు. ఆ వానల మొదటి రోజు సాయంత్రం సేటు కొడుకు స్నేహితుడొకడు బండి నడుపుతూ సరదా కోసం ఆ బిళ్లను రేసు వైపు తిప్పాడు. నేను వెనక సీట్లో ఉన్నాను. నెలల తరబడి ఎండిన రోడ్డు మీద పేరుకున్న నూనె, దాని మీద తొలి వాన, కింద నీటిని తోడే గాడులు తక్కువగా ఉన్న సగం అరిగిన టైర్లు. పెద్ద రోడ్డు నుంచి పక్కదారిలోకి దిగేటప్పుడు వేగం 50 కూడా లేదు. యాక్సిలరేటరు మీద కాలు కొంచెం గట్టిగా పడింది. బండి వెనక భాగం ఎవరో తోక పట్టి లాగినట్లు పక్కకు పోయింది, మేము ఒక చుట్టూ, ఇంకొక అర చుట్టూ తిరిగి వచ్చిన వైపే ముఖం పెట్టి నిలబడ్డాం. ఒక క్షణం వైపర్ల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. ఎవరికీ దెబ్బ తగలలేదు, బండికి గీత పడలేదు. ఆ స్నేహితుడు దిగి, ఇంటికి టాక్సీలో పోయాడు. ఆ తర్వాత ఆ బిళ్ల రేసు వైపు తిరగడం నేను ఇంకెప్పుడూ చూడలేదు.

అట్లాగని ఆ కారు మీద నాకు కోపం లేదు. అంత వేగం ఉన్న బండిలోనే సేటు తల్లిని వారానికి రెండుసార్లు ఆసుపత్రికి తీసుకుపోయేవాడిని. ఆమెకు ఎనభై దాటింది, నడుము నొప్పి. ఆ తిప్పుడు బిళ్ల నడిమధ్యన ఒక చిన్న బటను ఉంది. దాన్ని నొక్కితే షాక్ అబ్జార్బర్లు మెత్తబడతాయి. పెద్దావిడకు హార్స్‌పవర్ సంగతి తెలియదు కానీ ఆ బటను సంగతి తెలుసు. ఎప్పుడైనా నొక్కడం మరిచిపోతే వెనక నుంచి సీటు మీద వేలితో తట్టి, "షువయ్, షువయ్" అనేది. నెమ్మదిగా, నెమ్మదిగా అని. ఆమెను దించి వచ్చిన తర్వాత ఖాళీ రోడ్డు మీద ఆ ఇంజను గొంతు వినడం నాకు ఇష్టంగానే ఉండేదని ఒప్పుకుంటున్నాను.

కష్టాలు వేరే ఉండేవి. జూలై, ఆగస్టు నెలల్లో ఇంటివాళ్లంతా చల్లని దేశాలకు పోతారు. బండి, నేను మిగిలేవాళ్లం. దీని బ్యాటరీ ఉండేది ఇంజను దగ్గర కాదు, డిక్కీ అడుగున. మూడు వారాలు కదపకుండా ఉంచితే అది నీరసపడేది. అప్పుడు స్టార్టు చేస్తే తెర మీద ఒకదాని తర్వాత ఒకటిగా హెచ్చరికలు: బ్రేకు చూడండి, స్టీరింగు చూడండి, ఇంజను చూడండి అని. మొదటిసారి నేను చెమటలు పట్టి, లారీ పిలిపించి సర్వీసు కేంద్రానికి చేర్చితే, వాళ్లు బ్యాటరీ చార్జింగు పెట్టి పంపించారు. ఏ భాగమూ చెడలేదు. మరుసటి వేసవి నుంచి గ్యారేజీలో చిన్న చార్జరు తగిలించి పెట్టడం నేర్చుకున్నాను. ఇంకొకసారి కారు ముందు అడుగు భాగంలో ఉండే కార్బన్ పలక స్పీడ్ బ్రేకరుకు తగిలి పగిలితే, ఆ ముక్క ఇటలీ నుంచి రావడానికి ఏడు వారాలు పట్టింది. అన్ని రోజులూ బండి గుడ్డ కప్పుకుని పడి ఉంది, ఇంట్లో ఎవరికీ తోచింది కాదు.

స్పీడ్ బ్రేకరు మాట వచ్చింది కనుక ఒక్క ముక్క. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. ఇక్కడ కడపలో మా వీధిలో వేసింది ఎత్తు ఎక్కువ, వెడల్పు ఒక అడుగు, పైన సున్నపు గీత కూడా లేదు. జూలియా దాకా ఎందుకు, నా స్కూటరే దానికి తగులుతుంది.

ఇప్పుడు నేను కడపలో వీల్ అలైన్‌మెంట్, టైర్ల దుకాణం నడుపుతున్నాను. మీ వ్యాసం గురించి ఇంత దూరం రాయడానికి కారణం ఈ దుకాణమే. జూలియాను ఆల్ఫా రోమియో మన దేశంలో అమ్మడం లేదు, కనుక దాన్ని కడపలో ఎవరో కొంటారని నాకు దిగులు లేదు. కానీ బెంగళూరు నుంచి పాతబడిన జర్మనీ సెడాన్లు కొత్త చిన్నకారు ధరకే వస్తున్నాయి. వాటిని కొన్న కుర్రవాళ్లు, ఇట్లాంటి వ్యాసాలు చదివి, కంప్యూటరు పెట్టి ఇంజను శక్తి పెంచుకుంటున్నారు. దాన్ని రీమ్యాప్ అంటారు. శక్తి నిజంగానే పెరుగుతుంది. బ్రేకులు, టైర్లు, రేడియేటరు మాత్రం కంపెనీ ఇచ్చినవే, అవీ పదేళ్ల నాటివి. పైగా చాలామంది నింపేది మామూలు పెట్రోలు. ఒత్తిడికీ వేడికీ దానంతటదే అంటుకోకుండా పెట్రోలు ఎంత ఓర్చుకుంటుందో చెప్పే అంకెను ఆక్టేన్ అంటారు. టర్బో గాలిని ఎక్కువగా కుదించేటప్పుడు తక్కువ ఆక్టేన్ పెట్రోలు, ప్లగ్గు నిప్పురవ్వతో మొదలైన మంట తనదాకా వచ్చేలోపే, సిలిండరులో ఎక్కడికక్కడ అంటుకుంటుంది. మన మెకానిక్కులు నాకింగు అనేది దాన్నే. మొదట టకటకమని చప్పుడు, ఆపైన పిస్టనుకు చిల్లు.

బ్రేకుల లెక్క ఇంకా మొండిది. వేగం రెండింతలైతే ఆపడానికి బ్రేకులు మింగవలసిన వేడి నాలుగింతలు. గువ్వలచెరువు ఘాట్‌లో పైనుంచి దిగేటప్పుడు ప్రతి మలుపుకూ ఆ వేడి చేరుతూనే ఉంటుంది, చల్లారడానికి వ్యవధి ఉండదు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకునే గుణం కలది. ఏళ్ల తరబడి మార్చకపోతే ఆ నీరు వేడికి మరిగి ఆవిరవుతుంది, పెడలు మెత్తగా నేలకు తగులుతుంది. కువైట్‌లో జూలియాకు రెండేళ్లకొకసారి ఆ ఆయిలు మార్పించేవాళ్లం. ఇక్కడ నా దుకాణానికి వచ్చే వాళ్లలో బ్రేకు ఆయిలు మార్చాలన్న సంగతి తెలిసినవారు అరుదు. హార్స్‌పవర్ ఎంతో మాత్రం అందరూ దశాంశాలతో సహా చెబుతారు.

మీ వ్యాసం వచ్చిన మరునాడే రాయచోటి నుంచి ఒక కుర్రవాడు అట్లాంటి కారులోనే వచ్చాడు. పత్రిక మడిచి డాష్‌బోర్డు మీద పెట్టుకుని ఉన్నాడు. "అన్నా, ఇది నాలుగు సెకన్లలో నూరు కొట్టాలంటే ఇంకేం చేయాల?" అని అడిగాడు. నేను బదులు చెప్పకుండా వెనక చక్రం దగ్గర కూర్చుని టైరు పక్కగోడ మీద దుమ్ము తుడిచాను. అక్కడ కోడిగుడ్డు ఆకారపు గీత లోపల నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 2314 అని ఉంది. అంటే 2014 జూన్‌లో తయారైన టైరు. "గాడులు బాగానే ఉండాయి గదన్నా, ముప్ఫై అయిదు వేలే తిరిగింది" అన్నాడు. నిజమే, గాడులు ఉన్నాయి. గోరుతో నొక్కితే గోరు దిగలేదు. రబ్బరు మా జిల్లా బండలాగా గట్టిపడిపోయి, గాడుల అడుగున వెంట్రుకల వంటి పగుళ్లు కనబడ్డాయి. అతని చేతిని పట్టుకుని ఆ పగుళ్ల మీద వేలు పెట్టించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "పొద్దున ఇదే బండిలో అమ్మను ఘాట్ దించి ఆసుపత్రికి పిల్చకొచ్చినా" అన్నాడు.

ఆ కొలత టైర్లు కడపలో దొరకలేదు, బెంగళూరు నుంచి తెప్పిస్తున్నాను, నాలుగు రోజులు పడుతుంది. ఈలోపు వీలైతే మీ వచ్చే ఆదివారం అనుబంధంలో ఆ నాలుగు అంకెలను ఎట్లా చదవాలో ఒక చిన్న బొమ్మతో సహా వేయండి. కుర్రవాడు తాళాలు నా చేతికిచ్చి, తల్లిని వెంటబెట్టుకుని ఆర్టీసీ బస్సులో ఊరికి పోయాడు. కారు నా దుకాణం ముందు వేపచెట్టు కింద ఉంది.

మా సేటు ఇంటివారి సంగతులు రాసినందున నా పేరు ప్రచురించవద్దని మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కడప